ఇంట్లో పోసిన గుండు

సాయిలు కట్టిన తాయెత్తు మెడలో ఉన్నవాడికి తూటా తగలదు. ఆ ఏటి దసరా నుంచి తరిగొప్పుల కుర్రకారు నమ్మిన మాట ఇది. నమ్మకానికి ఆధారం వినికిడి కాదు, కళ్లారా చూసిన సంగతి. జమ్మి పూజనాడు శశికళ ఇంటి తుపాకీని, ఆమె పోసిన సీసపు గుండును పళ్లెంలో పెట్టి పసుపు కుంకుమలతో పూజించారు. పూజ చేయించిన సాయిలే గుండును తీసి ధీరజ్ చేతికిచ్చాడు. తాయెత్తు కట్టిన గుమ్మడికాయ మీదికి ధీరజ్ గురిపెట్టి పేల్చాడు. ఊరు దద్దరిల్లింది గాని కాయకు గీత కూడా పడలేదు.

శశికళ ఆ వేడుక చూడలేదు. భర్త పోయిన ఆడవాళ్లు జమ్మి పూజకు ఎదురు రాకూడదని ఊరి కట్టడి. ఆమె ఇంట్లోనే ఉండి పేలుడు విన్నది.

గొట్టం మూతిలోంచి తుపాకీ మందు కూరే ఆ పాత తుపాకీకి, మక్కచేలో పడే అడవిపందులను బెదరగొట్టడానికని ఆమె మామగారి కాలంలో లైసెన్సు వచ్చింది. భర్త పోయాక దాన్ని వదిలించుకోమని చుట్టాలందరూ చెప్పారు. ఆమె లైసెన్సును తన పేరుకు మార్పించుకుంది. భర్త సరదాను కూడా వదల్లేదు. పెరట్లో కుంపటి మీద సీసం కరిగించి, పటకారు లాంటి ఇనుప అచ్చులో గుండ్లు పోసేది. పందులను బెదరగొట్టడానికి అన్ని గుండ్లు అక్కర్లేదు. అచ్చు విప్పగానే కొత్త నాణెంలా మెరిసే గుండు అరచేతిలో బరువుగా వాలడం ఆమెకు ఇష్టం. ఏ మూలనైనా సొట్ట కనిపిస్తే దాన్ని మళ్లీ మూకుట్లో వేసి కరిగించేది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. బస్సులు కదలడం లేదు, బడులు తెరవడం లేదు. జనగామలో పట్టాల మీద కూర్చోవడానికి ఊరూరా జనం సిద్ధమవుతున్నారు. లైసెన్సు తుపాకీలన్నీ స్టేషన్‌లో అప్పగించాలని పోలీసులు కబురు పెట్టారు. ఆ పూట శశికళ తుపాకీ తుడవడానికి కూర్చుంటే మరిది కొడుకు ధీరజ్ వచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు. మెడలో రాగిరేకు తాయెత్తు తళతళలాడుతోంది.

"రైల్ రోకోల ముందు వరుస నాదే, పెద్దమ్మా. పోలీసోడు తుపాకి ఎత్తితే ఉరికిపోయి ఛాతి చూపిస్త."

"ఛాతి చూపిస్తె ఫొటో తీస్తరనుకున్నవారా?"

"నీ గుండే గుమ్మడికాయను ఏం చెయ్యలేకపాయె. గిప్పుడు నాకేమైతది?"

"తెలంగాణ నాకు గూడ కావాలె బిడ్డా. నువ్వు గూడ కావాలె."

"నీ గుండు ఓడిపోయిందని నీకు కోపం. గంతే." వాడు నవ్వుకుంటూ లేచిపోయాడు.

వాడి మాటలో కొంత నిజముంది. కోపం ఆమెకు ఉన్నది. అంతకంటే పెద్దది భయం. ఎవరూ కాల్చకపోయినా వీడు ఎదురు ఉరికి కాల్పించుకునేలా ఉన్నాడు.

ఆమె ఊచకు గుడ్డ చుట్టి గొట్టంలోకి దింపింది. బయటికి తీసి చూస్తే గుడ్డకు మందు మసితోపాటు జిగట జిగటగా ఏదో అంటుకుని ఉంది. వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది. తేనెమైనం. ఆ గొట్టంలో మైనమెన్నడూ వాడింది లేదు. దసరా తర్వాత ఆ తుపాకీ పేలిందీ లేదు.

ఆమె కుంపటి రాజేసి ఒకే ఒక గుండు పోసింది. చల్లారాక తుపాకీ భుజాన వేసుకుని వీధిలోకి నడిచింది.

సమ్మెలో భాగంగా నడిరోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. గుండిగలో అన్నం ఉడుకుతోంది. ఆడవాళ్లతో కలిసి పక్కింటి రజిత కత్తిపీట ముందు కూర్చుని గుమ్మడికాయలు తరుగుతోంది. మహదేవపూర్ అడవుల నుంచి వచ్చానని చెప్పుకునే సాయిలు సమ్మె శిబిరం నీడలో అమ్మవారి పటం పెట్టి, గార్ల నుంచి వచ్చిన కుర్రాళ్లకు తాయెత్తులు కడుతున్నాడు.

"సాయిలూ, దసరానాడు నేను చూడలే. మళ్లొక్కసారి చూపియ్యి" అంది శశికళ.

సాయిలు తుపాకీ వైపు, ఆమె నుదుటి వైపు చూశాడు. "దొరసానీ, మొగుడు లేని చేతులు తగిలితే అమ్మవారు ఒప్పుకోదు."

"దసరానాటి గుండు పోసింది గూడ గీ చేతులే. అప్పుడెట్ల ఒప్పుకున్నది?"

కుర్రాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. రజిత తలెత్తింది. "పెట్టన్నా సాయన్నా, పరీచ్చకు నీకు భయమా? గీ కాయ తీస్కో. కూరకు తెచ్చినం, మళ్ల జర పైలంగ తేవాలె."

"ఎట్లయిన పగలదు గదా" అన్నాడు ధీరజ్ ధీమాగా. వాడే తాయెత్తు కట్టి, కాయను రోడ్డు దిగువన ఉన్న మొరం మట్టి కుప్ప మీద నిలబెట్టి వచ్చాడు.

అందరూ చూస్తుండగా సాయిలు తప్పించుకోలేకపోయాడు. గుండును పళ్లెంలో పెట్టించాడు. కళ్లు మూసుకుని ఏదో గొణిగాడు. గుండును గుప్పిట్లోకి తీసుకుని, పటానికి మూడుసార్లు తిప్పి, తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "ఇగ కూరుకో."

అరచేతిలో పడగానే బరువును బట్టే ఆమెకు తెలిసింది. కోడిగుడ్డు తీసుకుని రేగిపండు ఇచ్చినట్టుంది. ఆమె గుండును గొట్టంలో వెయ్యలేదు. పటం ముందు వెలుగుతున్న హారతి పళ్లెంలో, మంటలోకి జారవిడిచింది.

"ఏం జేస్తున్నవ్, దొరసానీ!"

"నీ అమ్మవారికే ఇస్తున్న. నేను సీసం కరిగించాలంటే కుంపటి నిండ బొగ్గులు పొయ్యాలె. హారతికి కరుగుతదా, చూద్దాం."

నల్లటి గుండు మెత్తబడి ఒక పక్కకు ఒరిగింది. పళ్లెంలో పరుచుకుని మంటై లేచింది. మసి కలిపిన మైనపు వాసన అందరి ముక్కులకూ తగిలింది.

ధీరజ్ పళ్లెం మీదికి వంగి చూశాడు. "దసరానాడు గూడ గిదేనా? నేను పేల్చింది మైనమా?"

"నా గుండు నాకియ్యి" అంది శశికళ, చెయ్యి చాపి.

సాయిలు కదలలేదు. రజిత కత్తిపీట వదిలి లేచి నిలబడింది. వంట దగ్గరి ఆడవాళ్లూ ఒక్కొక్కరే లేచారు. సాయిలు రొండిలోంచి గుండు తీసి పళ్లెంలో పడేశాడు. ఠంగుమంది.

"ఆడదాని చేత తుపాకి పేలిస్తె ఊరికే అరిష్టం" అన్నాడు, ఎవరైనా ఒకరు తన మాట వింటారేమోనని చుట్టూ చూస్తూ.

"గా అరిష్టం నా మీద రానియ్యి. ధీరజ్, పక్కకు జరుగు బిడ్డా. నీ పెద్దనాయిన తుపాకి భుజాన్ని గట్టిగ తన్నుతది."

ఆమె మందు కూరి, గుండు వేసి, ఊచతో దట్టించింది. మొరం కుప్ప వైపు ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుంది. గురిపెట్టి పేల్చింది.

గుమ్మడికాయ రెండుగా చీలింది. తాయెత్తు రాగిరేకుకు చిల్లి పడింది. సీసపు గుండు మొరంలో దొరికింది. తుపాకీ ఆ సాయంత్రం స్టేషన్‌లో చేరింది. రైల్ రోకో నాడు జనగామ పట్టాల మీద ముందు వరుసలో ధీరజ్ కూర్చున్నాడు, అతని పక్కన శశికళ కూర్చుంది. ఇద్దరి మెడలోనూ తాయెత్తు లేదు.