పాత సరుకు ముందుకు

మా ఆయనతో కాపురం కష్టమేమీ కాదు. ఆయన పెట్టిన చోట బస్తాలా కదలకుండా ఉంటే చాలు. గోడౌన్ సూపర్‌వైజరు కదా, పాత సరుకు ముందుకు, కొత్త సరుకు వెనక్కు అన్నది ఆయన సిద్ధాంతం. ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్లు కూడా ఆ వరసలోనే బతకాలి.

ఇవాళ ఆ సిద్ధాంతం కంప్యూటర్‌లోకి దూరింది.

అమ్మాయిది ఆర్కిటెక్చర్ చివరి ఏడాది. రేపు పొద్దున్నే జ్యూరీ, అంటే పెద్దల ముందు ప్లాన్లు చూపించే ఆఖరి పరీక్ష. ఏడాది పాటు గీసిన ప్లాన్లన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉన్నాయని భయపడి, నకలు పెట్టుకోవడానికి అలాంటిదే ఇంకోటి కొనుక్కుంది. అమ్మాయి ప్రింటు షాపుకి వెళ్లగానే ఈయన స్క్రూడ్రైవర్ తీశారు. వెనక అరలోని పాత డిస్కును ముందు అరలోకి జరిపి, దాని చోట కొత్తది బిగించారు. కేబుళ్లు మాత్రం ఎక్కడివి అక్కడే ఉంచారు. దాంతో తెర మీద కొత్తది ఒకటో నంబరుగా, పాతది రెండో నంబరుగా కనిపించాయి. రెండో నంబరుది కొత్తదే కదా అని ఫార్మాట్ కొట్టేశారు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. సాయంత్రం అమ్మాయి వచ్చి చూస్తే ప్లాన్లున్న చోటంతా ఖాళీ.

"కొత్త డిస్కే పాడుదమ్మా! నీ ఫైళ్లు మింగేసింది," అన్నారాయన.

"డిస్కు ఎలా మింగుతుంది నాన్నా?" మౌస్ పట్టుకుని ఆ ఖాళీ డిస్కునే మళ్లీ మళ్లీ తెరిచి చూస్తోంది. నేను భుజం మీద చెయ్యి వేస్తే విదిలించుకుంది.

పోయిన డేటా తీసిచ్చే షాపాయనకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాం.

"ముందు సిస్టమ్ ఆపేసి, డిస్కు ఇక్కడికి తెండి. అంత ఖాళీగా ఉందంటే ఎవరో ఫార్మాట్ చేసినట్టే; ఆ తర్వాత దాని మీద ఇంకేమైనా ఎక్కించారా? ఎక్కించుంటే అంతమేర పాతవి పోయినట్టే. ఏవి మళ్లీ గీసుకోవాలో పాప ఇప్పుడే తెలుసుకుంటే మంచిది."

"అసలు పాతదాన్ని ముట్టుకుంటేగా!" అన్నారు మా ఆయన, గోడకేసి చూస్తూ.

అమ్మాయి నేల మీద కూలబడింది. "చెప్పు నాన్నా. తిట్టను. రాత్రంతా కూర్చుని గీసుకుంటా. ఏం చేశావో చెప్పు చాలు."

నేను సిస్టమ్ స్విచ్ ఆపుతూ అన్నాను: "మధ్యాహ్నం నిద్రలో నాకు ఈ గదిలోంచి పాత పాటలు వినిపించాయండీ. కల అయ్యుంటుంది."

ఆయన నా వైపు చూశారు. తర్వాత అమ్మాయి వైపు. మెల్లగా దాని పక్కనే నేల మీద కూర్చున్నారు.

"కల కాదు. పాతదాన్నే చెరిపేశాను. దాని మీదే నా పాటలన్నీ ఎక్కించాను. ప్లాన్లు పోయాయని చూసుకుని, భయపడి పాటలు తీసేశాను." ఫోన్ వైపు వంగి, అవతలాయనకి కూడా వినిపించేలా అన్నారు: "డిస్కుది కాదండీ, తప్పు నాదే."