ఉమ్మడి చేను

వెలిమెలలో అరుణమ్మ, వెంకటేశం తమ పొలాన్ని విల్లాల కంపెనీకి అమ్మి రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నారు. పక్క పొలంలో మాత్రం పట్నం ఉద్యోగాలు మానేసి వచ్చిన ఐదు కుటుంబాలు ఉండేవి. వాళ్లది ఒకటే వంటిల్లు, ఒకటే సేద్యం. చుట్టూ విల్లాలు లేస్తున్నా, ఎంత ధర చెప్పినా వాళ్లు గుంట భూమి కూడా అమ్మలేదు.

వెంకటేశం పొద్దున్నే వాళ్ల దగ్గరికి వెళ్లి పొద్దుగూకాక వచ్చేవాడు. ఇంట్లో నోరు విప్పితే వాళ్ల ముచ్చట్లే. అరుణమ్మకు కడుపు మండేది. ఒకరోజు తిట్టిపోద్దామని వెళ్లింది. భర్త వాళ్లతో కలిసి వంకాయ నారు నాటుతూ పకపకా నవ్వుతున్నాడు. కొత్తింట్లో ఆ నవ్వు ఆమె ఒక్కసారీ వినలేదు.

"నాతోని ఎన్నడన్న గిట్ల నవ్వినవా?" అంది.

"చేను అమ్ముదామని పట్టువట్టింది నువ్వే గదనే. ఉత్తగ ఇంట్ల కూసుంటే నవ్వెట్లొస్తది?" అన్నాడు వెంకటేశం.

ఆ కుటుంబాల్లోని నిషిత అనే అమ్మాయి "రండక్కా, భోజనం చేద్దాం" అని పిలిస్తే అరుణమ్మకు ఒళ్లు ఇంకా మండింది. తినలేదు. కానీ భర్తను వాళ్లకు వదిలేసి వెళ్లడానికీ మనసొప్పలేదు. కొంగు నడుముకు దోపి, వాళ్ల మధ్యలోకి దిగి నారు అందుకుంది.

"జెర జరుగుండ్రి. ఈయన పక్కపొంటి నేను నాటుత" అంది.