చెక్కినవారి పేరు

వెంకటపతి గారి పేరు చెరిపేసి నా పేరు కొట్టడం ఇది మూడోసారి. మూడుసార్లూ సేవ్ చేశాను. మూసి మళ్ళీ తెరిచి చూస్తే మూడుసార్లూ ఆయన పేరే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన బందరులో కలంకారీ షెడ్డు యజమాని. నేను ఆమినా బీని. ఆ షెడ్డుకు ఇరవై రెండేళ్ళుగా టేకు చెక్క మీద అద్దకపు అచ్చులు చెక్కి ఇస్తున్నది నేనే. ఆయన కాగితం మీద డిజైను చూపించి, "మార్పులు లేకుండా చెక్కు" అంటారు. నేను చెక్కుతాను. బట్ట బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే ఆ మెప్పు ఆయనకు వెళ్తుంది. ఇన్నాళ్ళూ పోనీలే అనుకున్నాను.

కానీ ఈసారి రాష్ట్ర ప్రదర్శనకు వెళ్ళేది బట్ట కాదు, అచ్చే. నలభై రోజులు నడుం పడిపోయేలా కూర్చుని చెక్కిన మామిడిపిందెల అంచు. దానికి పీడీఎఫ్ ఫారం నింపి ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా మెయిల్ చెయ్యాలి. షెడ్డులో పొద్దుటి నుంచి కరెంటు లేదు. అందుకని గుమాస్తా నిన్ననే నింపి పెట్టిన ఫారాన్ని వెంకటపతి గారు నాకు పంపి ఫోన్ చేశారు.

"ఆమినమ్మా, మీ రేష్మా కంప్యూటర్ ఇంట్లోనే ఉందిగా? ఆఖరి పేజీలో సహాయకులు అని ఒక గడి ఉంటుంది. అందులో నీ పేరు కొట్టి ప్రదర్శన వాళ్ళకి పంపించెయ్యి. మిగతావేం ముట్టుకోకు."

"అలాగేనండీ" అన్నాను. ఫారం తెరిచాను. మొదటి పేజీలో 'చెక్కినవారి పేరు' అన్న గడిలో వెంకటపతి అని ఉంది. ఇంకెక్కడి అలాగేనండీ!

మా అమ్మాయి రేష్మా గుడివాడలో టీచరు. క్లాసులో ఉంటే ఫోన్ ఎత్తదు. కంప్యూటర్‌లో మాటలన్నీ నాకోసం తెలుగులో పెట్టింది, ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుని కొట్టడం నేర్పింది. చెరిపిన పేరు మళ్ళీ ఎందుకొస్తోందో మాత్రం నాకెవరూ నేర్పలేదు. టైము నాలుగుంపావు.

కోపంతో పని కాదని మంచినీళ్ళు తాగి కూర్చున్నాను. కొత్త అచ్చును మేం నేరుగా మంచి బట్ట మీద వెయ్యం. ముందు చిత్తుగుడ్డ మీద ఒకసారి కొట్టి, ఎక్కడ తేడా వచ్చిందో చూసుకుంటాం. ఫారంతోనూ అదే చేద్దామనుకున్నాను. పేరు జోలికి పోకుండా, ఊరి గడిలో మచిలీపట్నం తీసేసి పాలకాయతిప్ప అని కొట్టాను. సేవ్ చెయ్యడానికి పైనున్న బాణం గుర్తు నొక్కి, ఈసారి తొందరపడకుండా చూశాను. దాని కింద రెండు వరుసలు వచ్చాయి. 'మీ మార్పులతో' అని ఒకటి, 'మీ మార్పులు లేకుండా' అని ఇంకొకటి.

మూడుసార్లూ నేను రెండోదే నొక్కాను. ఇరవై రెండేళ్ళు విన్న మాట కదా, కనబడగానే వేలు అటే వెళ్ళింది. నా మీద నాకే కోపం వచ్చింది. సిగ్గు కూడా వేసింది.

మొదటిది నొక్కాను. మూసి తెరిచాను. పాలకాయతిప్ప అలాగే ఉంది! ఒక్కదాన్నే గట్టిగా నవ్వేశాను. ఊరు సరిచేసి, వెంకటపతి గారి పేరు తీసేసి, నా పేరు కొట్టాను. సహాయకుల గడి ఖాళీగా వదిలేశాను. ఆ అచ్చు చెక్కడంలో నాకెవరూ సహాయం చెయ్యలేదు. సేవ్ చేసి, రెండుసార్లు తెరిచి చూసుకుని పంపాను. చాటుగా చేసిన పని కాకూడదని ఆయనకూ అదే ఫారం పంపాను.

ఐదుకు పది నిమిషాలుండగా ఫోన్ మోగింది.

"ఏంటమ్మా ఇది? నా పేరేమైంది?"

"తీసేశానండీ."

"చెక్క నాది, షెడ్డు నాది. నీకెంత ధైర్యం?"

"చెక్క మీదేనండీ. ఆ గడిలో అడిగింది చెక్క ఎవరిదని కాదు."

"అయితే రేపట్నుంచి నువ్వు షెడ్డుకి రానక్కర్లేదు."

భయం వెయ్యలేదంటే అబద్ధం. అయినా ఆ పేరు మళ్ళీ రాయడం నావల్ల కాదు.

"సరేనండీ. పెడనలో షెడ్లున్నాయి, నా ఉలులు నా దగ్గరే ఉన్నాయి."

ఆయన గొంతు కాస్త తగ్గింది. "చూడు ఆమినమ్మా, ఇంకా టైముంది. పొరపాటైందని రాసి, నా పేరుతో మళ్ళీ పంపు. అక్కడ జనం ముందు కూర్చోబెట్టి చెక్కి చూపించమంటారు, తెలుసా? అప్పుడేం చేస్తావ్?"

"చెక్కుతానండీ. మీరైతే ఏం చేసేవారు?"

ఆయన "అది కాదమ్మా" అంటూనే ఉన్నారు, ఫోన్ పెట్టెయ్యలేదు. ఐదు దాటేదాకా నేనూ పెట్టెయ్యలేదు.