బిడ్డకు చెప్పని చోటు

ఖిల్లా వరంగల్‌లో రాతి తోరణాలు చూడడానికి వచ్చేవాళ్ల బస్సులు ఆగే చోట కళావతికి చిన్న చాయ్ హోటల్ ఉంది. దాని పక్కన మూతపడిన బొమ్మల దుకాణం అరుగు మీద మొగిలమ్మ ఉండేది. పగలు టికెట్ కౌంటర్ దారిలో వచ్చేపోయేవాళ్లను అడుక్కునేది. చీకటి పడ్డాక ఆ అరుగు మీదే పడుకునేది.

ఆమె ఏళ్ల తరబడి ఎనుమాముల మార్కెట్లో మిరపకాయలకు తొడిమలు తీసిన మనిషి. ఆ ఘాటుకు ఊపిరి పాడై, కాస్త దూరం నడిస్తే ఆయాసపడేది. భర్త పోయాక పని మానేసింది, కిరాయి కట్టలేక గది ఖాళీ చేసింది. ఒక్కగానొక్క కూతురు సౌమ్యను నర్సంపేటలో ఇచ్చారు. అల్లుడు మహిపాల్ ఆటో నడుపుతాడు. ఆ ఇంటికి బరువు కాకూడదని, తాను ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తున్నానని, ఉండడం కూడా అక్కడేనని మొగిలమ్మ బిడ్డతో చెప్పింది.

సౌమ్య ఫోన్ చేసేది కళావతి నంబరుకే. అమ్మ పొయ్యి దగ్గరుంది, పిలుస్తానుండు అని కళావతి జవాబు చెప్పేది. మొదట్లో ఇద్దరూ దానికి నవ్వుకునేవారు. తర్వాత్తర్వాత నవ్వడం మానేశారు. బతుకమ్మ పండుగకు మొగిలమ్మ కళావతి చీర కట్టుకుని నర్సంపేట పోయి, రెండు రోజులుండి, వార్డెన్ ఊరుకోదని చెప్పి తిరిగొచ్చింది.

చలికాలంలో హైదరాబాద్ నుంచి కాలేజీ పిల్లలు వచ్చారు. వాళ్లలో పూజ అనే అమ్మాయి మొగిలమ్మ పక్కన కూర్చుని మాట్లాడించింది, సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తానంది. మొగిలమ్మ కొంగుతో ముఖం కప్పుకోబోతే కళావతే ఆపింది. మంచిగా మాట్లాడితే నలుగురు చూస్తారని, చూసినవాళ్లు సాయం చేస్తారని చెప్పింది. మొగిలమ్మ తన కథంతా చెప్పింది, బిడ్డ సంగతి ఒక్కటి తప్ప.

ఆ వీడియోను చాలామంది చూశారు. ఎవరెవరో వెతుక్కుంటూ వచ్చి పండ్లు, దుప్పట్లు ఇచ్చారు, వచ్చినవాళ్లు చాయ్ తాగారు. ఇద్దరూ సంతోషపడ్డారు. నర్సంపేటలో కూడా సెల్‌ఫోన్లు ఉంటాయన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం మహిపాల్ ఆటో వచ్చింది. దాన్ని దూరం నుంచే గుర్తుపట్టిన మొగిలమ్మ ఆయాసపడుతూ హోటల్లోకి వచ్చి, కళావతి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లేనని చెప్పు చెల్లె. అల్లుని ముందట గిట్ల నిలవడలేను."

కళావతి సరేనని మాటిచ్చింది, మొగిలమ్మ హోటల్ వెనక గోడ చాటుకు పోయింది.

సౌమ్య ఆటో దిగి నేరుగా కళావతి దగ్గరికి వచ్చి వీడియో చూపించింది. అందులో ఉన్నది మీ అమ్మేనని కళావతి ఒప్పుకుంది. పొద్దున లేచి ఎటో పోయింది, ఎక్కడికో తెలియదు అంది. సౌమ్య ఒక్క మాట తూలలేదు. బల్ల మీద కూర్చుని పొద్దుగుంకేదాకా ఎదురుచూసింది. మహిపాల్ రాళ్ల మధ్య తిరుగుతూ అత్తమ్మా అత్తమ్మా అని పిలిచాడు. పోయేముందు సౌమ్య కళావతి దగ్గర ఆగింది.

"వస్తే జర చెప్పు చిన్నమ్మా. మేం కోపానికి రాలే. తోల్కపోనీకి వచ్చినం."

గోడ వెనకే ఉందన్న మాట కళావతి గొంతుదాకా వచ్చింది. ఇచ్చిన మాట అడ్డుపడింది. అంతకన్నా, ఇన్నాళ్లూ ఫోన్లో ఆ పిల్లకు తానాడిన అబద్ధాలు అడ్డుపడ్డాయి. చెబుతానని తలూపింది.

ఆటో మలుపు తిరగ్గానే ఆ మాట చెప్పడానికి గోడ వెనక్కి పరుగెత్తింది. అక్కడ మొగిలమ్మ లేదు. బిడ్డ బల్ల మీద కూర్చుని ఉండగానే వెనకదారిన వెళ్లిపోయింది. తీసుకుపోవడానికే వచ్చామన్న మాట ఆమె వినలేదు.

మర్నాడు కళావతి ఫోన్ చేసి దాచకుండా అంతా చెప్పింది.

"నేను కూసున్నప్పుడు ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా చిన్నమ్మా" అంది సౌమ్య.

భద్రకాళి గుడి, వేయిస్తంభాల గుడి, రైల్వే స్టేషన్ అన్నీ ముగ్గురూ కలిసి తిరిగారు. వారాలు గడిచాయి. మిర్చి జోరుగా వచ్చే రోజుల్లో, ఎనుమాములలో చూశానని ఒక హమాలీ చెప్పాడు. పోయి చూస్తే, ఎర్రటి రాశుల మధ్య మూతికి గుడ్డ కట్టుకుని, కూలీ ఆడవాళ్లతో కూర్చుని తొడిమలు తీస్తోంది. బిడ్డను చూసి గుడ్డ కిందికి లాగింది.

"పని జేస్తాన బిడ్డా. అడుక్కుంటలేను" అంది.

ఆ తర్వాత దగ్గు తెర ఆగలేదు. లేచి నిలబడలేకపోయింది. మహిపాల్ ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టాడు.

కొన్నాళ్లు దవాఖానలో ఉంచి నర్సంపేట తీసుకుపోయారు. పోయిన ఊపిరి మాత్రం తిరిగి రాలేదు. ఎండలు ముదిరాక కళావతి చూడడానికి పోయింది. మొగిలమ్మ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది, రెండు మాటలాడితే మూడో మాట అందడం లేదు. మహిపాల్ తల్లి మంచం పక్కన కూర్చుని ఆమెకు గంజి తాగిస్తోంది. ఆ ఇంట్లో మొగిలమ్మ అందరికన్నా భయపడింది ఈ వియ్యపురాలికే.

"ఇంత ఇల్లున్నది. ముందుగాల్నే రావద్దా అక్కా" అని ఆమె మెల్లగా మందలించింది.

మొగిలమ్మ కళావతి వైపు చూసింది. కళావతి తల దించుకుంది.

సౌమ్య బస్టాండు దాకా వచ్చి కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టింది. మళ్లీ రమ్మంది. ఆ మాటలో కోపం ఏమీ లేదు. క్షమించమని అడగాలని కళావతి బస్టాండుకు వచ్చే దారంతా మాటలు కూర్చుకుంది. ఆ మాట అడగకముందే బస్సు కదిలింది, ఆ పిల్ల జనంలో కలిసిపోయింది.