గిరిజ రాసిన కంపైలర్

బంద్ అంటే మగవాళ్లకు సెలవు, ఆడవాళ్లకు రెండింతల వంట. ఎక్కడో ఎన్‌కౌంటర్ జరిగిందని అన్నలు, అదే నక్సలైట్లు, బంద్ పిలుపునిచ్చారు. జగిత్యాలలో బస్సు కదల్లేదు, కాలేజీ తెరవలేదు. లెక్చరర్ ప్రభాకర్ రావు తన డిపార్ట్‌మెంట్ హెడ్డు భాస్కర్ రావును భోజనానికి ఇంటికే పిలిచాడు, హైదరాబాద్ సెమినార్‌కు పంపబోయే కంపైలర్, అంటే ప్రోగ్రాంను మెషీన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్, చూపించొచ్చని. దాన్ని రాసింది అతని భార్య గిరిజ. ఆ సంగతి మాత్రం ఇంటి గడప దాటలేదు.

గిరిజ పప్పుకు పోపు పెడుతోంది గానీ చెవులు హాల్లోనే ఉన్నాయి. ఎంసీఏ చదివిన కోడలని పెళ్లిలో గొప్పలు పోయిన అత్తగారే, "కంప్యూటర్ ముందట కూసుంటె కడుపు నిండుతదా బిడ్డా?" అని రోజూ లేపేది. అయినా అందరూ కునుకు తీసే మధ్యాహ్నాల్లో ఆర్నెల్లు కూర్చుని పూర్తిచేసింది. ఒక్కటే ఆమెకు మింగుడు పడలేదు. ప్రోగ్రాం మెషీన్ భాషలోకి మారే ముందు మధ్యలో ఒక రూపం ఉంటుంది. అందులో ఒక ఫంక్షన్, అంటే ఒక్కో పని చేసే ప్రోగ్రాం ముక్క, ఇంకోదాన్ని పిలిచే ప్రతిచోటా ఉత్త పేరు రాసి వదిలేసింది. అది కచ్చా పని. ప్రతి ఫంక్షన్‌కూ ఒక నమోదు ఉండాలి, దాన్ని పిలిచే కాల్ ఇన్‌స్ట్రక్షన్ నేరుగా ఆ నమోదునే పట్టుకోవాలి. అప్పుడు పేరు ఎన్నిసార్లు మారినా పిలుపు తప్పిపోదు. రెండు రోజులు వంట నుంచి వదిలితే చాలు, సరిచేస్తానని వారంగా బతిమాలింది.

"పేరు రాస్తె సాలదా? నడుస్తుంది గద. గింత రాద్ధాంతమెందుకు?" అనేవాడు ప్రభాకర్ రావు.

ఇప్పుడు హాల్లో ప్రభాకర్ రావు కంపైలర్ నడిపించాడు. పిలిచిన ఫంక్షన్ దొరకడం లేదని కంప్యూటర్ మొండికేసింది. ప్రభాకర్ రావు నవ్వేశాడు. "మా ఇంటామె టైపు కొట్టింది సార్. ఏడనో తప్పు కొట్టినట్టుంది."

గిరిజకు ఒళ్లు మండింది. స్టవ్ ఆర్పి, చేతులు తుడుచుకుంటూ వచ్చి స్క్రీన్ చూసింది. సెమినార్‌లో తన ముద్ర కనబడాలని అతను పొద్దున్నే నాలుగు లైన్లు సొంతంగా చేర్చాడు. ప్రతి ఫంక్షన్ పేరుకూ ముందు అతని పొడి అక్షరాలు వచ్చి కూర్చున్నాయి.

"టైపుల తప్పు లేదు సార్," అంది. "ఈయన ఫంక్షన్ల పేర్లు మార్చిన్రు. పిలిసే కాడ పాత పేర్లే ఉన్నయి. కాల్ పట్టుకోవాల్సింది పేరును గాదు, ఫంక్షన్‌ను."

భాస్కర్ రావు కుర్చీలో ముందుకు జరిగాడు. "గిదంత నీకెట్ల తెలుసమ్మా?"

"గిరిజా, చాయ్ పట్కరా," అన్నాడు ప్రభాకర్ రావు, ఆమె వైపు చూడకుండా.

గిరిజ కదల్లేదు.

"రాసింది నేనే సార్. రెండు రోజులల్ల సరిచేస్త. సెమినార్‌కు నా పేరు పంపుండ్రి, నేనే పోయి చెప్త."