వరస నడక

నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని నిన్న లక్మేని ఆసుపత్రి గేటు దగ్గరే పనిలోంచి తీసేశారు. నాలుగేళ్లుగా వార్డులు కడుగుతున్న మనిషి. “బస్సుల్లేవు సారూ” అంటే, “బస్సు నేను నడుపుతున్నానా?” అన్నాడు పని కాంట్రాక్టు పట్టిన ఠేకేదారు మనిషి. పక్కనే నిలబడ్డ సారలమ్మ చీపురు పట్టుకుని లోపలికి పోయింది.

ఇవాళ డ్రైవర్ల హడ్తాల్‌కు, అంటే సమ్మెకు, మూడో రోజు. జగదల్‌పూర్‌లో బస్సు లేదు, జీపు లేదు, ఆటో లేదు. మరైగూడ అడవుల వైపు నుంచి వచ్చి ఊరి చివర గుడిసెలు వేసుకుని ఆసుపత్రి ఊడుస్తున్న సారలమ్మ, మిగతా ఆడవాళ్లు తెల్లారగానే నడక మొదలుపెట్టారు. బతిమాలి చూద్దామని లక్మే కూడా వచ్చింది. ఎనిమిదికి గేటు మూస్తారు.

బస్టాండు ముందు టెంటు కింద కూర్చున్న డ్రైవర్లను చూసి సారలమ్మకు ఒళ్లు మండింది. వాళ్లలో శ్యామ్‌ప్రసాద్ తెలుగువాడే, కిరందుల్ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు.

“ఏంది శ్యామన్నా, మీరు చాపేసుకొని కూసుంటే మా కాళ్లు అరగాల్నా? లక్మే పని పాయె. ఇగ నాదే.”

“పదహారు గంటలు స్టీరింగు పట్టుకుంటే కునుకొస్తాదమ్మా. ఆ బస్సులో కూకునేది నువ్వే కదేటి?”

“చెప్పుడు బాగనే ఉంది. గేటు కాడ నా బదులు నువ్వు నిలబడు.”

“లక్మేని తీసేసింది మేమా, ఠేకేదారా?”

ఆమెకు ఇంకా చిరాకు పుట్టింది. విసురుగా కదిలింది.

అడవి బాటల్లో పెరిగినవాళ్లు పక్కపక్కన నడవరు. ఎంత వెడల్పు రోడ్డయినా ఒకరి వెనక ఒకరే. ముందు సారలమ్మ, వెనక పక్క గుడిసె నందే, ఆ వెనక మిగతావాళ్లు. ఆసుపత్రి కనిపించే చౌరస్తాలో పోలీసు దారోగా లాఠీ అడ్డం పెట్టాడు.

“జులూసుకు పర్మిషన్ ఉందా?” ఊరేగింపు అనుకుని హిందీలో అడిగాడు.

“జులూసేంది సారూ, పనికి పోతున్నం,” అంది సారలమ్మ.

“పనికి పోయేవాళ్లు లైను కడతారా? హడ్తాల్‌వాళ్లు పంపారు మిమ్మల్ని. విడివిడిగా నడవండి.”

ప్రయత్నించారు. పది అడుగులైనా వేయకముందే భుజాలు రాసుకుని, కాళ్లు తడబడి, మళ్లీ వరసలో పడ్డారు. నందే తమ దోర్లీ భాషలో ఏదో అంది. అందరూ నవ్వారు.

“ఏమంటోంది?” దారోగా సారలమ్మను అడిగాడు.

“గొడ్లు గూడ వరసనే పోతయి, వాటిని గూడ పర్మిషన్ అడుగుతరా అంటుంది సారూ.”

దారోగా ముఖం మాడిపోయింది. వాచీ చూసుకున్నాడు. ఎనిమిదికి ఇంకా పది నిమిషాలున్నాయి.

“సరే, ముందున్నదానివి నువ్వొక్కదానివే పో. మిగతావాళ్లు వెనక్కి.”

గేటు ఎదురుగానే ఉంది. సారలమ్మ రెండడుగులు వేసింది కూడా. వెనక్కి తిరిగి చూస్తే లక్మే తల వంచుకుని నిలబడి ఉంది.

“నిన్న ఒక్కదాన్ని తీసేస్తే ఊకున్నం. ఇయ్యాల ఒక్కదాన్ని పంపుతున్నరు. రేపు నన్ను తీసేస్తే అడిగేటోళ్లెవరు?” ఆమె తిరిగి వచ్చి వరస ముందు నిలబడింది. “లక్మేని పనిలకు తీసుకుంటెనే మేం చీపురు పడతం. ఇందాక పనికే పోతున్నం సారూ. ఇప్పుడిది జులూసే. రాసుకో.”

పోలీసులు ఆమెను వ్యానులోకి నెట్టారు. లీడరు పోయింది, ఇక చెదిరిపోతారనుకున్నాడు దారోగా. ముందు మనిషి లేకపోతే రెండో మనిషే ముందు మనిషి, అడవిలో అంతే. నందే అడుగు వేసింది. వెనక లక్మే.

అప్పటికే కబురు టెంటుకు చేరింది. శ్యామ్‌ప్రసాద్, డ్రైవర్లు గుంపుగా పరుగెత్తుకొచ్చారు. ఎలా నిలబడాలో తెలియక ఒక్క క్షణం తచ్చాడి, వరస చివర ఒకరి వెనక ఒకరు చేరారు.

ఎనిమిదయింది. గేటు మూసేశారు. నందే ఆగలేదు.