గాలి తిరగబడ్డ గొట్టం

పైన ఆకాశంలో ఇంజను ఆగిపోయి మొగుడు తిరిగి రాడేమోనని, ఏడాది నిండని పిల్లకు తండ్రి ముఖం కూడా గుర్తుండదేమోనని ఆమె భయం. ఉన్న భయాలన్నిటిలోకీ పెద్దది అదే. ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమవుతుందేమోనని ఇంకో భయం.

మొగుడు కార్ల మెకానిక్కు. ఇంటి వెనక షెడ్డులో ఆరేళ్లుగా రెండు సీట్ల విమానం కడుతున్నాడు. దానికి పాత కారు ఇంజను, ఆ ఇంజను నీళ్లు చల్లార్చడానికి పొట్ట కింద రేడియేటరు, రేడియేటరుకు గాలి తెచ్చే ఫైబరు గొట్టం. గొట్టం నోరు చిన్నగా ఉండాలి, లోపలికి పోయేకొద్దీ మెల్లగా వెడల్పు కావాలి, అప్పుడే దూసుకొచ్చే గాలి నెమ్మదించి రేడియేటరంతటికీ తగులుతుంది. పెళ్లయిన కొత్తలోనే ఈ సంగతి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు. ఆమె చదువు తొమ్మిదితోనే ఆగిపోయింది గానీ, గౌన్లకు కిందికొచ్చేకొద్దీ వెడల్పయ్యే ఘేరా కుట్టే మనిషికి ఆ మాత్రం అర్థం కాకపోదు.

ఆ ఆదివారం పొద్దున గొట్టం లోపలి గోడల నిండా ఆమే ఊలుపోగులు అతికించింది. గాలి ఎటు పోతే పోగు అటు పడుకుంటుంది. పక్కన కిటికీలా కోసి ప్లాస్టిక్కు బిగించారు. సాయానికొచ్చిన మొగుడి అన్న, బావగారు, పెద్ద బ్లోయరు పట్టుకుని గొట్టం నోట్లోకి గాలి కొట్టాడు. ఆమె పిల్లను చంకనేసుకుని వంగి చూసింది.

"కిందవి బుద్ధిగా వెనక్కి పడుకున్నాయి. పైవి మాత్రం నోటివైపు చూస్తున్నాయండీ."

"పిల్ల ఊదుతోందేమో చూడమ్మాయ్," అన్నాడు బావగారు.

"పిల్ల నిద్రపోతోంది బావగారూ. మీరే వచ్చి చూడండి."

మెకానిక్కు మోకాళ్ల మీద కూలబడి చూశాడు. పైగోడ ఒక్కసారిగా ఎత్తు లేచినచోట గాలి గోడను వదిలేసి సుడి తిరుగుతోంది. రేడియేటరు పైసగానికి గాలే అందడం లేదు.

"గొట్టం జానెడు పొట్టి చేశాను, అందుకే గోడ ఒక్కసారిగా లేచింది," అన్నాడు.

"ఎందుకు చేశారు?"

"పొడుగు గొట్టంతో వెనక సీటు ఇరుకైంది. నువ్వు పిల్లను ఒళ్లో పెట్టుకుని కూచోవాలిగా."

ఆమె పనిముట్ల పెట్టె మీద కూర్చుంది. "మొన్న పది నిమిషాలు నడిపారుగా? వేడెక్కలేదన్నారు."

"నేల మీద సగం పవరే ఇచ్చాను. పైకెక్కేటప్పుడు మొత్తం ఇవ్వాలి, అప్పుడు వేడెక్కి ఆగిపోతుంది." వచ్చే ఆదివారమే మొదటిసారి ఎగరాలని పెట్టుకున్నారు.

"పోనీలే, బతికిపోయాం," అన్నాడు బావగారు. "ఇంకోటి పోసుకుందాం."

"ముందు ఈ గొట్టం పోసిన అచ్చు పగలగొట్టండి," అంది ఆమె. "ఇంకెవరి చేతిలోనైనా పడితే?"

"పడింది," అన్నాడు మెకానిక్కు. "ప్లంబరు బాబాయికి అదే అచ్చులో ఒకటి తీసిచ్చాను. ఆయన కడుతున్న విమానానికీ ఇదే ఇంజను."

ఆ బాబాయే పిల్లకు ఉయ్యాల గొలుసు బిగించి, "ఊగేది నీ కూతురు, ఎగిరేది నేను" అని నవ్వి వెళ్లాడు.

బాబాయికి ఫోను చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంది. ఆయన కొట్టుకు పరుగెత్తితే తాళం. ఖాళీ చేసి రెండు నెలలైందని, ఏ ఊరికో చెప్పలేదని పక్కకొట్టువాడు అన్నాడు. ఆయన విమానం రెక్కలకు పసుపు రంగు వేయడం అప్పటికే అయిపోయిందట.

వారం గడిచింది. ఆమెకు అన్నం సయించడం లేదు. తన సీటు కోసం కోసిన జానెడు ఎవరి ప్రాణం మీదికి వచ్చిందోనని కంటి మీద కునుకు లేదు. మీ వీధిలో కొత్తగా దిగిన ప్లంబరు ఎవరైనా ఉంటే, లావుపాటి మనిషి, ఎడమ బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంటుంది, షెడ్డులో పసుపు రెక్కల విమానం ఉంటుంది, దయచేసి ఒక్కసారి వెళ్లి చూడండి. ఉన్నాడో లేడో చూడండి. ఉంటే, ఎగరవద్దని చెప్పండి.